సోమమ్మ పెట్టెలో జపాను

నల్లగొండ నుంచి హాలియా దాకా దారి పొడుగునా ఏ ఊళ్లో అడిగినా జపాను సోమమ్మను చూపిస్తారు. ఆమె జపాను పోయి వచ్చిన మనిషి కాదు. తండ్రి కళ్లు చూపించడానికి ఒకసారి మహబూబ్‌నగర్ పోయింది. ఆమె చేసిన దూరప్రయాణం అదొక్కటే. మూడో తరగతిలో బడి మానింది. ఎదురుగా మనిషి ఉంటే తల ఎత్తదు. దాహమైనా మంచినీళ్లు అడగలేక గడప దగ్గర చాలాసేపు నిలబడే రకం. అలాంటి పిల్లకు ఒక దేశం పేరు ఇంటిపేరులాగా అతుక్కుంది. అది అతుక్కున్న రోజు సంగతి ఎర్రగుంటపల్లిలో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు.

సోమమ్మ బాపు బీరప్ప గొర్లు కాచేవాడు. ఒక వానాకాలం మందకు రోగం తగిలింది. పొద్దున లేచి చూస్తే దొడ్డిలో గొర్లు పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. మిగిలిన నాలుగింటిని నల్లగొండకు తోలుకుపోయి ముసలి దస్తగిరికి ఇచ్చి, ఆయన దగ్గరున్న బయస్కోపు పెట్టెను నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కులమంతా నవ్వింది.

"గొర్లు పోతే గొర్లు కొనాలె గని డబ్బ కొంటరా బీరన్నా?"

"డబ్బకు రోగం రాదు" అన్నాడు బీరప్ప.

ఆకుపచ్చ రంగు వేసిన రేకు పెట్టె అది. ముందువైపు వరసగా మూడు కంతలు, కంతకొక దళసరి అద్దం. లోపల రెండు గుండ్రటి కట్టెలకు చుట్టిన పొడుగాటి బట్ట, దాని మీద అతికించిన బొమ్మలు. పక్కనున్న పిడి తిప్పితే ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది. పై మూత తెరిచి ఎండలో పెడితేనే లోపల వెలుతురు. నీడన పెడితే ఏమీ కనపడదు. దస్తగిరి ఆ పెట్టెను, దాని కింది కట్టె కాళ్లను పిల్లల ఎత్తుకే చేయించాడు. ఆరేళ్ల పిల్ల నిలబడితే కంత సరిగ్గా కంటికి వస్తుంది. పెద్దవాళ్లు చూడాలంటే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాల్సిందే.

నాలుగేళ్లు బీరప్పే తిప్పాడు, బీరప్పే పాడాడు. తర్వాత ఆయన కళ్లకు పొర కమ్మింది. పెట్టె మొయ్యడం సోమమ్మ వంతైంది. ఒకరోజు రైలుబండి బొమ్మ వచ్చినప్పుడు బీరప్ప చార్మినారు పాట అందుకుంటే పిల్లలు పడి పడి నవ్వారు. ఆ రోజు నుంచి పాటా ఆమె వంతే. పెట్టె వెనక కూర్చుని, కొంగు ముఖం మీదికి లాక్కుని పాడేది. పెట్టె అడ్డం ఉంటేనే ఆమెకు గొంతు పెగిలేది.

"అక్కా, నువ్వు మాట్లాడుతున్నవా, పెట్టె మాట్లాడుతాందా?" అని అడిగింది ఒక పిల్ల.

"పెట్టెనే" అంది సోమమ్మ.

ఆ ఏడు సర్కారు వాళ్లు ఊరూరా జపాను పద్ధతిలో వరి వేయమని చెబుతున్నారు. రామచంద్రం అనే గ్రామసేవకుడు సైకిల్ మీద గోడబొమ్మల చుట్ట కట్టుకుని తిరిగేవాడు. చావడి గోడకు కాగితం అతికించి, తాడు పట్టి వరసలో నాటు వేయాలని ఆయన గంటసేపు చెబితే ముగ్గురు ముసలివాళ్లు కూర్చునేవారు. అందులో ఇద్దరు కునుకు తీసేవారు. "మా అవ్వల కాలం నుంచి నాటేస్తున్నం సారూ. జపానోడొచ్చి మాకు నేర్పుతడా?" అని ఆడవాళ్లు ముఖం మీదే అనేవారు. అదే చావడి ముందు సోమమ్మ పెట్టె దించితే కాలు పెట్టే జాగా ఉండేది కాదు. పిల్లలు చారెడు జొన్నలో, గుప్పెడు ఆముదం గింజలో పట్టుకుని తోసుకుంటూ వచ్చేవారు. చంకన పిల్లలున్న తల్లులు కూడా వచ్చేవారు.

పానగల్‌లో ఒకరోజు రామచంద్రం పెట్టె పక్కన సైకిల్ ఆపి, సంచిలోంచి ఒక రంగుల బొమ్మల పుస్తకం తీశాడు.

"ఇది జపాను నుంచి వచ్చింది చెల్లే. నా దగ్గరుంటే ఎలుకలు తింటయి. నీ పెట్టెల వెయ్యి. పిల్లలు చూస్తే తల్లులు చూస్తరు, తల్లులు చూస్తే నాటు మారుతది."

సోమమ్మ తల ఊపింది. ఏ బొమ్మలో ఏముందని ఒక్క మాట అడగలేదు. సిగ్గు. ఆయన సైకిల్ ఎక్కి పోయాడు.

ఆమె ఆరు బొమ్మలు కత్తిరించి చింతగింజల బంకతో అతికించింది. పుస్తకంలో రాత ఇంగ్లీషు. చెప్పేవాళ్లు లేరు. కనుక తనకు తెలిసిన లోకాన్ని బట్టి తనే పాట కట్టింది. ఒక బొమ్మలో ఇంటి మీద గడకు మనిషంత చేపలు వేలాడుతున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. "సూడు పిల్లా సూడు, జపానోళ్ల ఇల్లు సూడు, ఇంటి మీద చేపలెండవెట్టిన్రు సూడు" అని పాడింది. పిల్లలు నోళ్లు తెరిచారు. ఇంకో బొమ్మలో ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుని రెండేసి పుల్లలతో బువ్వ తింటున్నారు. ఆ సాయంత్రం పానగల్‌లో ఎన్ని ఇళ్లలో చీపుర్లు విరిగాయో లెక్కలేదు. పిల్లలు రెండు పుల్లలతో జొన్న గట్క తినబోతే తల్లులు అవే పుల్లలతో వీపులు వాయించారు.

నాటు బొమ్మ పెద్దవాళ్లనే వంచింది. మోకాటి లోతు బురదలో, తాడు వెంట వరసగా, ఆడవాళ్ల పక్కన మగవాళ్లు నిలబడి నారు పెడుతున్నారు. చూసిన ఒకామె కంత వదలలేదు.

"ఓయమ్మ! మొగోడు నాటేస్తుండు! సోమా, నిజమేనా?"

"నిజమే అక్కా. బొమ్మల గట్లనే ఉన్నది."

ఆమె నడుము నిమురుకుంటూ లేచి, చావడి గద్దె మీద బీడీ కాలుస్తున్న మొగుడి వైపు తిరిగింది. "సూసినవా? జపానోడు మోకాటి దాక దిగిండు. నువ్వు గట్టు మీదికెల్లి అజమాయిషీ జేస్తవ్."

"అయితే జపానుకే పో. బస్సు గిట్ల వస్తదేమో అడుగు" అన్నాడు మొగుడు. అందరూ నవ్వారు. పెట్టె వెనక సోమమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆరో బొమ్మ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. అది వాళ్లకు తెలిసిన బొమ్మే అనిపించింది. ఒక పెద్ద ఆవరణ. నల్లకోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన. ఆయన ముందు వరసగా నడుములు వంచి నిలబడ్డ చిన్నపిల్లలు. "జపాను దొరను సూడు, దొర ముందర పిల్లలంతా వంగి నిలిసిన్రు సూడు" అని పాడింది సోమమ్మ. ఎవరికీ అనుమానం రాలేదు. పటేలు దారిలో ఎదురైతే చెప్పులు చేత పట్టుకుని, నడుము వంచి పక్కకు తప్పుకోవాలని ఆ ఊళ్లలో పిల్లలకు పాలతో పాటే తెలుస్తుంది. ఆ కాలం పోయిందని పైనుంచి చెప్పి ఆరేడేళ్లయింది. నడుములకు ఆ కబురు ఇంకా అందలేదు.

రెండు నెలల తర్వాత రామచంద్రం మళ్లీ కనపడ్డాడు. తన పుస్తకం ఏమైందో చూద్దామని కంతకు కన్ను ఆనించి, పాట వింటూ ఒక్కసారిగా నవ్వాడు.

"చెల్లే, అవి ఎండవెట్టిన చేపలు గావు. బట్టతోని కుట్టినవి. పిల్లలు మంచిగ ఎదగాలని పండుగ నాడు ఎగరేస్తరు." పిడి తిప్పమన్నాడు. ఆరో బొమ్మ వచ్చింది. "ఇగ ఈయన దొర గాదు. బడి పంతులు."

సోమమ్మ నెమ్మదిగా అడిగింది. "పంతులుకు గిట్ల వంగుతరా సారూ?"

"పిల్లలు పంతులుకు వంగిన్రు, పంతులు పిల్లలకు వంగిండు. గా దేశంల అదే మర్యాద. ఒకలు వంగితే అవుతలోళ్లు గూడ వంగాలె."

"పంతులు వంగిండా?"

"సూసుకో."

ఆమె లేచి, పెట్టె చుట్టూ తిరిగి ముందువైపు వచ్చింది. కంతలోకి చూసింది. నల్లకోటు మనిషి నడుము వంగి ఉంది. తల కిందికి ఉంది. చేతులు మోకాళ్ల దాకా జారి ఉన్నాయి. పిల్లల నడుములకన్నా ఆయన నడుము ఏమంత తక్కువ వంగలేదు.

సోమమ్మ కన్ను తీయలేదు. ఆ బొమ్మను తన చేతులతో కత్తిరించింది. బంక పూసి, ముడతలు పోయేదాకా వేలితో రాసింది. రోజుకు ఇరవైసార్లు తిప్పింది. అయినా ఆ వీపు ఆమెకు కనపడలేదు. పిల్లల ముందు పెద్దమనిషి ఉన్నాడంటే నిటారుగానే ఉంటాడని చూడకముందే అనుకుంది, చూశాక కూడా అదే అనుకుంది. పక్కన రాయి మీద కూర్చున్న బాపు వైపు తిరిగింది. పొర కమ్మిన ఆ కళ్లు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. ఆ రోజంతా ఆమె గట్క ముట్టలేదు.

మర్నాటి నుంచి పాట మారింది. "బడి పంతులును సూడు, పిల్లలు వంగితే పంతులు వంగిండు సూడు."

ఈసారి పిల్లలు ఆశ్చర్యపోయారు. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ వరసలో నిలబడ్డారు. పది రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో జపాను ఆట పుట్టింది. ఒకరు వంగాలి. ఎదుటివాళ్లు వంగేదాకా లేవకూడదు. మొండివాళ్లు ఎదురైతే ముందు వంగినవాళ్ల నడుములు పడిపోయేవి. అందుకే అది మంచి ఆట.

ఎర్రగుంటపల్లిలో బుచ్చమ్మ అని ఆరేళ్ల పిల్ల. పటేలు ఇంట్లో జీతం ఉండే పాలేరు ఎల్లయ్య బిడ్డ. ఆ బొమ్మను నాలుగుసార్లు చూసింది. ఒక పొద్దున తండ్రికి సద్ది తీసుకుని పటేలు వాకిట్లోకి వచ్చింది. పటేలు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. బుచ్చమ్మ సద్దిగిన్నె కింద పెట్టి నడుము వంచింది. ఆయన పట్టించుకోలేదు. రోజూ వంగేవాళ్లే కదా. కాసేపయ్యాక చూస్తే పిల్ల ఇంకా వంగే ఉంది.

"ఏందే? ఏమన్న పడ్డదా?"

"లేదు."

"మరి లే."

"నువ్వు వంగినంక లేస్త."

పుల్ల ఆయన పళ్ల మధ్యనే ఆగిపోయింది. దొడ్లో ఎల్లయ్య చేతిలోని పలుపు జారిపోయింది. పరుగెత్తుకొచ్చి బిడ్డ చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు పిల్ల పక్కకు తూలి, మళ్లీ నిలదొక్కుకుని, ఏడుస్తూనే వంగింది. "సోమక్క పెట్టెల పంతులు వంగిండు" అంది.

మధ్యాహ్నానికల్లా కావలికారు కాటమయ్య పక్క ఊరి నుంచి సోమమ్మను, బీరప్పను, పెట్టెను వెంటబెట్టుకొచ్చాడు. దారిలో ఆయన అన్నది ఒక్కటే మాట. "పటేలు గొడ్డలి తెచ్చి పెట్టమన్నడు."

గొడ్డలి అరుగు మెట్టుకు ఆనించి ఉంది. ఊరు దూరంగా గోడ వారన నిలబడింది. పిల్లల ముందు బుచ్చమ్మ ఉంది. చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. బీరప్ప పటేలు ఎటున్నాడో తెలియక పశువుల కొట్టం వైపు తిరిగి నడుము వంచి దండం పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

"బీరిగా, గొర్లు గాసినన్ని రోజులు నీకు బుద్ధి ఉండె" అన్నాడు పటేలు. ఆ గొంతు విని బీరప్ప ఇటు తిరిగాడు.

"బాంచెన్ దొరా. పిల్లకు తెల్వదు. గా డబ్బ ఒక్కటే మా కడుపుకు ఆధారం. పలగ్గొట్టొద్దు. నేను గుడ్డోణ్ని, అది ఆడివిల్ల, ఏడికి పోతం?"

"నువ్వు ఊకో. ఏమే పిల్లా, నువ్వు చెప్పు. అండ్ల ఉన్నోడు ఎవడు? దొరనా, పంతులా?"

కాటమయ్య పెట్టె దించుతున్నట్టు వంగి ఆమె చెవి దగ్గర గొణిగాడు. "దొర అని చెప్పు బిడ్డా. అయిపాయె. డబ్బ మిగులుతది."

అది కష్టమేమీ కాదు. రెండు నెలలు పాడిన మాటే. సోమమ్మ నోరు తెరిచింది. అప్పుడే బుచ్చమ్మ కనపడింది, మూతపడని ఆ ఒక్క కన్నుతో తననే చూస్తూ. దొర అంటే ఆ పిల్ల చెప్పింది అబద్ధమవుతుంది. ఆ దెబ్బ ఆ పిల్లకు తగినదే అవుతుంది. సోమమ్మ నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది. ఎదురుగా ఇంతమంది మనుషులు, అడ్డంగా పెట్టె లేదు. చివరికి వచ్చిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"మీరే సూడున్రి పటేలా."

"ఏమన్నవ్?"

"నేను జెప్తే తప్పు జెప్తనేమో. ఒకపారి తప్పే జెప్పిన. మీరే సూసి జెప్పున్రి."

పటేలు కాటమయ్యకు సైగ చేశాడు. కాటమయ్య పెట్టెను అరుగు మీదికి మోసి, పటేలు కుర్చీ ముందు ఎత్తి పట్టుకున్నాడు. పటేలు కన్ను ఆనించాడు.

"ఏమున్నదే? అంత చీకటి."

"ఎండ గావాలె పటేలా."

ఎండ వాకిట్లో ఉంది. కాటమయ్య పెట్టెను వాకిట్లోకి తెచ్చాడు. పటేలు మెట్లు దిగాడు. "ఎత్తి పట్టురా" అన్నాడు. కాటమయ్య రొమ్ము ఎత్తుకు లేపి పట్టుకున్నాడు. బరువుకో, భయానికో చేతులు వణికాయి. పెట్టె వణికింది. "బొమ్మ ఊగుతాంది, దించు!" కాటమయ్య దాని కాళ్ల మీద దాన్ని దించాడు.

పెట్టె పటేలు తొడల దగ్గరికి వచ్చింది. ఆయన ఒకసారి ఊరి వైపు చూశాడు. ఊరు నేల వైపు చూసింది. అప్పుడు పటేలు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగాడు.

సోమమ్మ గబగబా పెట్టె వెనక్కు పోయి కూర్చుంది. చేయి పిడి మీదికి పోయింది. అలవాటు కొద్దీ పాట దానంతట అదే మొదలైంది. ఇల్లు వచ్చింది, చేపలు వచ్చాయి.

"గివి నిజం చేపలేనా?" అంది కంత అవతలి నుంచి గొంతు.

"గావు పటేలా. బట్టవి."

"ఊఁ. తిప్పు."

పుల్లలతో బువ్వ వచ్చింది. గడప ముందు వరసగా విడిచిన చెప్పులు వచ్చాయి. నాటు వచ్చింది. ఒక్కో దానికీ "ఊఁ" అంటున్నాడు. ఆరో బొమ్మకు ఊఁ అనలేదు, తిప్పమనీ అనలేదు. అట్లాగే వంగి ఉన్నాడు.

బుచ్చమ్మ పెట్టె వెనకవైపు, సరిగ్గా ఆయనకు ఎదురుగా నిలబడి ఉంది. పెద్దమనిషి నడుము వంచాడని చూసింది. ఆట నియమం ఆమెకు తెలుసు. రెండు చేతులూ మోకాళ్ల మీదికి జార్చి తనూ వంగింది. ఆమె పక్కనున్న పిల్ల వంగింది. ఆ పక్కవాడు వంగాడు. వరసంతా వంగింది. ఎల్లయ్య ఆపడానికి ఎత్తిన చేయి గాలిలో అట్లాగే ఉండిపోయింది.

పెట్టె వెనక కూర్చున్న సోమమ్మకు ఒకవైపు పటేలు వీపు, ఇంకోవైపు పిల్లల వీపులు కనపడుతున్నాయి. లోపలున్న బొమ్మ బయటికి వచ్చి తన చుట్టూ నిలబడ్డట్టు అనిపించింది. పాట ఆగిపోయింది.

"బిడ్డా, ఏమైతాంది?" అన్నాడు బీరప్ప భయంగా.

పటేలు లేచాడు. ఆయనతో పాటే పిల్లలూ లేచారు, ఆటలో లేచినట్టే. అప్పుడు ఆయనకు సంగతి తెలిసింది. ముఖం కందగడ్డలా అయింది. గొడ్డలి వైపు చూశాడు. బుచ్చమ్మ వైపు చూశాడు. వాచిన చెంప మీద ఆయన చూపు కాసేపు ఆగింది. పిల్ల మాత్రం నవ్వుతోంది, ఆట గెలిచినందుకు.

"నడుము పట్టేసింది" అన్నాడు పటేలు, ఎవరితోనూ కాకుండా. నడుము మీద చేయి వేసుకుని మెట్లెక్కి లోపలికి పోయాడు. తలుపు పడింది.

గొడ్డలి ఆనించిన చోటే ఉంది. కాటమయ్యే పెట్టె ఎత్తి సోమమ్మ నెత్తిన పెట్టాడు. "పోండ్రి, పోండ్రి. ఆయన మళ్ల బయటికి రాకముందే పోండ్రి."

ఊరు దాటి, రాళ్ల బాటలో తండ్రీ కూతుళ్లు చాలా దూరం పోయారు. బీరప్ప ఆమె కొంగు పట్టుకుని నడుస్తున్నాడు.

"బిడ్డా, డబ్బ ఉన్నదా?"

"నెత్తి మీదనే ఉన్నది బాపు."

"పలగ్గొట్టలే?"

"లే."

"మరేమైంది? ఎవ్వలు మాట్లాడకపాయిరి. నా పాణం పోయింది."

"పటేలు వంగిండు బాపు."

బీరప్ప ఆగాడు. కొంగు గుంజినట్టై ఆమె కూడా ఆగాల్సి వచ్చింది. "ఎవల ముందర?"

సోమమ్మ ఆలోచించింది. "పెట్టె ముందర. గా దిక్కుననే పిల్లలుండిరి."

"అబద్ధం జెప్పకు."

"నిజం బాపు."

నాలుగడుగులు వేసి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. "అరవై ఏండ్లల నేను సూడలే. మా నాయిన సూడలే" అని తనలో తాను అనుకుంటూ నడిచాడు. మూడోసారి ఆగినప్పుడు వేరే మాట అడిగాడు.

"ఎంత దాక వంగిండు?"

సోమమ్మ పెట్టెను బాట పక్కన దించింది. బాపు చేయి పట్టుకుని తన మెడ వెనక పెట్టుకుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పటేలు వంగినట్టే వంగింది. బీరప్ప అరచేయి నెమ్మదిగా ఆమె వెన్ను వెంట దిగింది, గొర్రె వీపు తడిమి కండ చూసినట్టు.

"గింతనా?"

"ఇంక జర, బాపు" అంది సోమమ్మ. ఇంకా కొంచెం వంగింది.